అమ్మ ఆపరేషన్ బిల్లు రెండు లక్షలు, ఇన్సూరెన్స్ ఇచ్చింది 1,13,400. మిగతాది ఎందుకు రాలేదు?

కాకినాడ_టీచరమ్మ:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకు 63 ఏళ్లు. పోయిన నెలలో ఒకరోజు తెల్లవారుజామున బాత్రూంలో కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఊళ్లోనే ఉన్న పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే మర్నాడే ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఐదు రోజులు ఉన్నాం. ఇప్పుడు వాకర్ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వస్తోంది, పోపు మాడుతోందని అక్కణ్నుంచే నన్ను తిడుతోంది. కాబట్టి ఆవిడ గురించి దిగులు లేదు. దిగులంతా బిల్లు గురించే.

అమ్మ పేరు మీద మూడు లక్షల హెల్త్ పాలసీ ఉంది. తీసుకుని రెండేళ్లు దాటింది, రెన్యువల్ ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. అడ్మిషన్ అప్పుడు ఇన్సూరెన్స్ డెస్క్‌లో కుర్రాడు కార్డు చూసి "క్యాష్‌లెస్ వస్తుంది మేడమ్, టెన్షన్ పడకండి" అన్నాడు. నేనూ పడలేదు. డిశ్చార్జి రోజు ఉదయం పదింటికి డాక్టరు గారు ఇంటికి వెళ్లొచ్చన్నారు. ఇన్సూరెన్స్ వాళ్ల అప్రూవల్ వచ్చేసరికి మధ్యాహ్నం మూడున్నర. బిల్లు రెండు లక్షలు, వాళ్లు ఒప్పుకున్నది 1,13,400. మిగతా 86,600 కట్టి పేషెంటును తీసుకెళ్లండి అన్నారు. నా అకౌంట్లో అంత లేదు. తమ్ముడు అప్పటికప్పుడు పంపితే కట్టి బయటపడ్డాం.

మూడు లక్షల పాలసీకి రెండు లక్షల బిల్లు కూడా రాదా అని ఏజెంటుకు ఫోన్ చేస్తే "రూమ్ రెంట్ లిమిట్ దాటారమ్మా, ప్రపోర్షనేట్ డిడక్షన్ పడింది, రూల్ అంతే" అని పెట్టేశాడు. నిజమే, పాలసీలో గది అద్దె రోజుకు ఒక శాతం అని ఉంది. అంటే మూడు వేలు. మేం తీసుకున్న గది ఐదు వేలు. ఇద్దరు ఉండే గదులు ఖాళీ లేవన్నారు, ఆ వేళప్పుడు బేరాలాడే ఓపిక ఎవరికుంటుంది? మహా అయితే రోజుకు రెండు వేల చొప్పున ఐదు రోజులకు పది వేలు మా చేతి నుంచి పడాలి. 86 వేలు ఎలా అయింది?

బిల్లు ఇదీ. గది, నర్సింగ్ కలిపి 25,000. సర్జన్, మత్తు డాక్టర్ల ఫీజులు 60,000. ఆపరేషన్ థియేటర్ 20,000. మందులు 32,000. రాడ్డు, స్క్రూలు 38,000. ఎక్స్‌రే, స్కాన్, రక్తపరీక్షలు 14,000. ఇతరములు 11,000.

ఇన్సూరెన్స్ లెటర్‌లో కోత గురించి రాసింది రెండే లైన్లు. నాన్ పేయబుల్స్, అంటే పాలసీ ఇవ్వనివి, 11,000. ప్రపోర్షనేట్ డిడక్షన్ 40 శాతం, 75,600.

నేను లెక్కల టీచర్ని. నాలుగుసార్లు వేసి చూశా, కూడికల్లో తప్పు లేదు. ఆ నలభై శాతం అసలు దేని మీద వెయ్యాలి అన్నదే అర్థం కావట్లేదు. పాలసీ పుస్తకం 42 పేజీలు, చీమతలకాయంత అక్షరాలు.

తెలిసినవాళ్లు చెప్పండి. అలాగే ఇంట్లో కారు పాలసీ ఉంది, బ్యాంకువాళ్లు ఏడాదికోసారి కట్ చేసుకునేవి ఏవో ఉన్నాయి. వాటిల్లో కూడా ఏమేం రావో ఇప్పుడే తెలుసుకుందామని. ఇంకోసారి క్యాష్ కౌంటర్ ముందు నిలబడి తెలుసుకునే ఓపిక లేదు.

డెస్క్_మాజీ:

అమ్మా, ముందు ఆ లెటర్ భద్రంగా దాచండి. మీ కూడికలూ కరెక్టే, మీ అనుమానమూ కరెక్టే. తప్పు వాళ్ల కోతలో ఉంది.

నేను పదకొండేళ్లు ఆసుపత్రుల ఇన్సూరెన్స్ డెస్కుల్లో కూర్చున్నాను. మధ్యలో రెండేళ్లు ఒక టీపీఏలో, అంటే కంపెనీ తరఫున క్లెయిములు చూసే చోట చేశాను. మీకు "టెన్షన్ పడకండి" అని చెప్పిన కుర్రాడి సీట్లో నేనూ ఉన్నాను, ఆ మాట నేనూ చాలామందికి చెప్పాను. ఇప్పుడు మానేశాను కాబట్టి మొహమాటం లేదు.

గది లిమిట్ దాటితే గది అద్దెలో తేడా ఒక్కటే మనం కట్టాలని అందరూ అనుకుంటారు. అలా కాదు. చాలా ఆసుపత్రుల్లో గది స్థాయి పెరిగితే డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీ కూడా పెరుగుతాయి. జనరల్ వార్డులో ఉన్న మనిషికీ, సింగిల్ రూమ్‌లో ఉన్న మనిషికీ అదే సర్జన్ అదే కత్తితో అదే ఆపరేషన్ చేసినా బిల్లు వేరు. అందుకని కంపెనీ వాళ్లు, మీకు అర్హత ఉన్నది మూడు వేల గది, మీరున్నది ఐదు వేల గది, కాబట్టి గదితో పాటు పెరిగిన ఖర్చుల్లో ఐదింట మూడు వంతులే ఇస్తాం అంటారు. ఇక్కడివరకు రూలే. మీకు నచ్చినా నచ్చకపోయినా రూలే.

కానీ డోలో టాబ్లెట్ రేటు గదిని బట్టి మారదు కదా. స్క్రూకి మీరు ఏ గదిలో ఉన్నారో తెలీదు. అందుకే 2020లో బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పాలసీ నిబంధనలన్నిటినీ ఒకే తీరుగా రాయించినప్పుడు గీత గీసింది. మందులు, కన్సూమబుల్స్ (ఒకసారి వాడి పారేసే సామాను), శరీరంలో వేసే ఇంప్లాంట్లు, పరీక్షలు, వీటి మీద ఈ దామాషా కోత వెయ్యకూడదు. ఐసీయూ చార్జీల మీదా వెయ్యకూడదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రి అయితే అసలు ఎక్కడా వెయ్యకూడదు. మీ 42 పేజీల్లో "అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్" అన్న నిర్వచనం వెతకండి, ఈ ముక్క అక్కడే ఉంటుంది.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. గది ఐదు రోజులకు మూడు వేల చొప్పున 15,000. డాక్టర్ల ఫీజు 60 వేలలో అరవై శాతం 36,000. థియేటర్ 20 వేలలో అరవై శాతం 12,000. మందులు 32,000 పూర్తిగా. రాడ్డు, స్క్రూలు 38,000 పూర్తిగా. పరీక్షలు 14,000 పూర్తిగా. మొత్తం 1,47,000. మీకొచ్చింది 1,13,400. అంటే ఇంకా 33,600 రావాలి. మందులు, రాడ్డు, పరీక్షలు కలిపి 84,000 మీద వెయ్యకూడని నలభై శాతం వేశారు, అదీ సంగతి. కావాలని చేశారా, సాఫ్ట్‌వేర్‌లో బిల్లు మొత్తానికి ఒకే శాతం కొట్టేశారా అంటే నాకు తెలిసి రెండోదే ఎక్కువ. సాయంత్రం ఆరింటికి ఇంకా నలభై ఫైళ్లు ఉన్నప్పుడు మనిషి అలాగే చేస్తాడు. అడిగినవాళ్లకు సరిచేస్తారు, అడగనివాళ్లది పోయినట్టే.

ఆసుపత్రి నుంచి టారిఫ్ షీటు, అంటే రేట్ల పట్టీ, కూడా అడగండి. అన్ని గదులకూ ఒకే సర్జన్ ఫీజు అని అందులో ఉంటే ఆ 60 వేల మీద కోత కూడా పోతుంది.

ఇక ఆ 11,000. పాలసీలకు 68 వస్తువుల జాబితా ఒకటి జత చేసి ఉంటుంది, కంపెనీ ఇవ్వక్కర్లేనివి. గ్లవ్స్, మాస్కు, డైపర్లు, క్రేప్ బ్యాండేజి, నెబ్యులైజర్ కిట్, ఈసీజీ ఎలక్ట్రోడ్లు, వాకర్, నడుం బెల్టు, మినరల్ వాటర్, మీతో ఉన్నవాళ్ల భోజనం, మెడికల్ రికార్డుల జిరాక్స్ దాకా. ఏదో ఒక కిట్ అని రాసి లోపల ఏముందో రాయకపోతే అదీ పోతుంది. కరోనా టైమ్‌లో గ్లవ్స్, మాస్కుల బిల్లులు వేలల్లో వచ్చాక జనానికి ఈ జాబితా సంగతి తెలిసొచ్చింది. "కన్సూమబుల్స్ కవర్" అని రైడర్ (పాలసీకి అదనంగా చేర్చుకునేది) అమ్ముతున్నారు, కొంచెం ఎక్కువ కడితే వీటిలో చాలావరకు వస్తాయి.

ఇదే జాబితా వెనక ఇంకో మూడు జాబితాలు ఉంటాయి, వాటిని ఎవరూ చూడరు. రిజిస్ట్రేషన్ చార్జీ, కాటన్, కట్టు కట్టే గాజ్ గుడ్డ, సర్జికల్ బ్లేడు, యూరిన్ బ్యాగ్ లాంటివి. ఇవి గది అద్దెలోనో, ఆపరేషన్ చార్జీలోనో, వైద్యం ఖర్చులోనో కలిసే ఉండాలి, విడిగా బిల్లు వెయ్యకూడదు. కంపెనీ ఇవి కట్ చేస్తే, ఆసుపత్రి నిశ్శబ్దంగా మీ దగ్గర వసూలు చేస్తుంది. కాబట్టి "ఇతరములు 11,000"కి విడివిడిగా వివరాలు అడగండి.

డిశ్చార్జికి ఐదున్నర గంటలు కూర్చోబెట్టారు కదా. 2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం ఆసుపత్రి బిల్లు పంపాక మూడు గంటల్లో ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే అది కంపెనీయే భరించాలి. అయితే ఆసుపత్రి బిల్లు పంపింది ఎప్పుడో కనుక్కోండి. పదింటికి డాక్టరు వెళ్లమంటే, ఫార్మసీ రిటర్నులు, సంతకాలు అన్నీ అయ్యి ఒంటిగంటకు మెయిల్ పంపిన రోజులు నాకు బాగా గుర్తు. తిట్లు మాత్రం కంపెనీకి పడేవి.

రాసేటప్పుడు ఏజెంటుకు కాదు, కంపెనీ గ్రీవెన్స్ మెయిల్‌కి రాయండి. కోపంగా వద్దు. పైన వేసిన లెక్క, ఆ నిర్వచనం ఉన్న పేజీ ఫొటో, లెటర్ కాపీ పెట్టండి. రెండు వారాల్లో జవాబు రావాలి. రాకపోతే బీమా భరోసా పోర్టల్, అది ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైటు. నెల దాటినా తేలకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే బీమా గొడవలు తేల్చే అధికారి. ఆంధ్రా, తెలంగాణ రెండిటికీ హైదరాబాద్ ఆఫీసే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు.

బుడమేరు_బాధితుడు:

డెస్క్ అన్నకు దండం. హెల్త్ గురించి నాకు తెలీదు, కారు గురించి చెప్తా. ఫీజు కట్టి నేర్చుకున్న పాఠం.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు మా వీధుల్లోకి వచ్చినప్పుడు పొద్దున్నే పక్కింటాయన తలుపు కొట్టాడు. కిందికి దిగేసరికి కారు చక్రాలు సగం మునిగున్నాయి. ఎత్తు మీదికి తీసుకెళ్దామని స్టార్ట్ చేసి బయల్దేరా. వీధి చివర పల్లం ఉన్న సంగతి ముప్పై ఏళ్లుగా తెలుసు, ఆ క్షణంలో గుర్తు రాలేదు. బానెట్ మీదికి నీళ్లు ఎగిరాయి, ఇంజిన్ ఆగిపోయింది. భయంతో మళ్లీ సెల్ఫ్ కొట్టా. ఇంకోసారి కొట్టా. మూడోసారి లోపల ఖళ్‌మని శబ్దం, ఆ తర్వాత సెల్ఫ్ కూడా తిరగలేదు. కిటికీలోంచి దిగి ఈదినంత పని చేశా.

వరద అనేది మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీలో ఉంటుంది. సీట్లు, కార్పెట్, వైరింగ్, సెన్సార్లు, అన్నీ ఇచ్చారు. ఇంజిన్ దగ్గర సర్వేయర్ ఆగాడు. విప్పి చూపించాడు కూడా, పాపం. సిలిండర్లోకి నీళ్లు చేరాయి, గాలిని నొక్కినట్టు నీళ్లను పిస్టన్ నొక్కలేదు, అందుకని కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. "హైడ్రోస్టాటిక్ లాక్ సార్. నీళ్లు వచ్చి పాడైతే మాది, నీళ్లున్నాయని తెలిసీ స్టార్ట్ చేస్తే పాడైనది మీది" అన్నాడు. కాన్సిక్వెన్షియల్ లాస్, అంటే నేరుగా వరద వల్ల కాక ఆ తర్వాత జరిగిన నష్టం అని రాశాడు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ (అదనంగా కట్టి తీసుకునేది) ఉంటే వచ్చేది. రెన్యువల్ అప్పుడు ఆ పెట్టెలో టిక్ తీసేసింది నేనే, పద్దెనిమిది వందలు మిగిలాయని.

నీళ్లలో కారు ఆగితే తాళం ముట్టుకోవద్దు. దిగి వెళ్లిపోండి, తర్వాత టోయింగ్ చేయించండి. అంతే.

ఇంకా ఏం రావు అంటే, జీరో డెప్ (పాతబడ్డ భాగాలకు కోత వెయ్యని యాడ్ ఆన్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకి సగమే ఇస్తారు. బంపరు 14 వేలైతే ఏడు వేలు మీ జేబులోంచి. అద్దాలకు మాత్రం కోత లేదు. దానిమీద 1500 సీసీ లోపు కారుకు వెయ్యి, ఆపైన రెండు వేలు ప్రతి క్లెయిముకూ మనమే పెట్టుకోవాలి. కార్లో పెట్టిన ల్యాప్‌టాప్, బ్యాగు పోతే రావు. లైసెన్స్ గడువు దాటినా, తాగి నడిపినా రాదు. సొంత బండిని కిరాయికి తిప్పితే రాదు.

అన్నిటికంటే దారుణం మా బావమరిది బైకు కథ. 2021లో కొన్నాడు. "ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉంది బావా" అని ధీమా. 2023లో లారీ కింద నలిగింది, మనిషి అదృష్టవశాత్తూ బయటపడ్డాడు. కాగితం తీసి చూస్తే ఐదేళ్లు ఉన్నది థర్డ్ పార్టీకి, అంటే అతను ఎవరినైనా గుద్దితే అవతలివాళ్లకు ఇచ్చేది. అతని బండి డామేజికి ఉన్నది మొదటి ఏడాది ఒక్కటే. 2018 నుంచి కొత్త బైకుకు ఐదేళ్లు, కొత్త కారుకు మూడేళ్లు థర్డ్ పార్టీ ముందే కట్టించుకుంటున్నారు, దాంతో అందరూ మొత్తం ఇన్సూరెన్స్ ఉందనుకుంటున్నారు. మీ ఇంట్లో బండ్ల కాగితాలు ఇవాళే తీసి "ఓన్ డామేజ్" పక్కన ఏ తేదీ ఉందో చూడండి.

సూటిగా_సుబ్బారావు:

ఇన్సూరెన్సే దండగ. ఆ ప్రీమియం చిట్టీ కట్టుకుంటే సరిపోయేది.

కాకినాడ_టీచరమ్మ:

సుబ్బారావు గారూ, రెండేళ్లకు కట్టింది యాభై వేలు కూడా లేదు. ఆ 1,13,400 కూడా రాకపోతే నా గాజులు తాకట్టులో ఉండేవి. చిట్టీ పాడుకునేదాకా అమ్మ కాలు ఆగదు కదండీ.

డెస్క్_మాజీ అన్నయ్య గారూ, మీరు చెప్పిన పేజీ దొరికింది. 17వ పేజీ. అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది. మెయిల్ టైపు చేసుకుని పెట్టుకున్నా కానీ పంపడానికి భయంగా ఉంది. కారణం చెప్తా. అమ్మకు ఆరేళ్లుగా బీపీ ఉంది. పాలసీ తీసుకున్నప్పుడు చెప్తే "అది రాయక్కర్లేదమ్మా, ప్రీమియం పెరుగుతుంది" అని ఏజెంటే ఆ గళ్లలో "లేదు" అని పెట్టాడు. నేను సంతకం పెట్టించా. డిశ్చార్జి సమ్మరీలో ఆరేళ్ల బీపీ అని స్పష్టంగా ఉంది. ఇప్పుడు నేను కెలికితే మొత్తానికి ఎసరు పెడతారేమో?

డెస్క్_మాజీ:

నిజం చెప్పినందుకు సంతోషం. ఈ ప్రశ్న డెస్క్ దగ్గర గొంతు తగ్గించి రోజుకు నలుగురు అడిగేవారు.

ముందు ఒకటి ఆలోచించండి. ఆ సమ్మరీ చదివాకే వాళ్లు 1,13,400 ఇచ్చారు. మీరు కొత్తగా బయటపెట్టేది ఏమీ లేదు. జారిపడి ఎముక విరగడానికీ బీపీకీ సంబంధం లేదు. పాలసీ తీసుకున్నాక మొదట్లో క్లెయిము ఇవ్వని 30 రోజుల వెయిటింగ్ కూడా ప్రమాదానికి ఉండదు. కాబట్టి 33,600 అడగడం ఆపకండి.

కానీ బీపీ సంగతి అలా వదిలెయ్యకండి. దాచిన జబ్బు బయటపడితే పాలసీనే రద్దు చేసే హక్కు కంపెనీకి ఉంది, ఏజెంటు రాశాడంటే ఎవరూ వినరు, సంతకం మీ అమ్మగారిది. రేపు గుండెకో మెదడుకో ఏదైనా వస్తే అప్పుడు ఆ గడి తీసి చూపిస్తారు. అరవై నెలలు వరసగా కడితే ఆ తర్వాత మోసం అని రుజువు చేస్తే తప్ప దాచారన్న కారణంతో తిరస్కరించలేరు, దాన్ని మారటోరియం అంటారు. ముందు ఎనిమిదేళ్లు ఉండేది, 2024లో ఐదేళ్లకు తగ్గించారు. కొంతమంది ఆ ఐదేళ్లు ఎలాగో గడిపేద్దాం అంటారు. అరవై దాటిన మనిషి విషయంలో ఆ జూదం నేనైతే ఆడను. ఇప్పుడే రాసి ఇవ్వండి. ప్రీమియం కొంచెం పెంచుతారు, లేదా బీపీకి సంబంధించినవాటికి వెయిటింగ్ పెడతారు. ముందునుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ ఇప్పుడు మూడేళ్లకు మించి పెట్టకూడదు.

సందర్భం వచ్చింది కాబట్టి, వెయిటింగ్‌లో ఇంకో రకం ఉంది. కంటి శుక్లం, హెర్నియా, మొలలు, పిత్తాశయంలో రాళ్లు, మోకీలు మార్పిడి. ఇవి పాలసీ తీసుకున్నాక కొత్తగా వచ్చినా సరే, చాలా పాలసీల్లో రెండేళ్లు ఇవ్వరు. మా దగ్గరికి వచ్చిన గొడవల్లో సగం ఇవే. ఒకాయన ఇరవై మూడో నెలలో శుక్లం ఆపరేషన్‌కు వచ్చాడు. రెండు నెలలు ఆగి రండి బాబూ అని చెప్పి పంపించా, మా మేనేజరు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

అలాగే జ్వరాలు. పరీక్షల కోసమే అడ్మిట్ అయ్యారు, ఇంట్లో మందులతో తగ్గేది అని కొట్టేస్తారు. కేస్ షీటులో ఐవీ ఇంజెక్షన్లు, పడిపోతున్న ప్లేట్‌లెట్ లెక్కలు ఉంటే నిలబడుతుంది, "అబ్జర్వేషన్ కోసం" అని ఉంటే నిలబడదు. డ్యూటీ డాక్టరు అర్ధరాత్రి గీకేసే ఆ ఒక్క మాటకు ఎంత విలువో ఆయనకూ తెలీదు. ఆయన "బీపీ ఎప్పట్నుంచి" అని అడిగితే మనవాళ్లు "చాలా ఏళ్లుగా ఉందండీ" అంటారు. ఆయన పదేళ్లని రాస్తాడు. నిజంగా ఎన్నేళ్లో అదే చెప్పండి, రాసింది చదివి చూసుకోండి.

కౌంటర్_నంబర్_3:

నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేస్తాను. టీచరమ్మ గారు బ్యాంకు కట్ చేసుకునేవి అన్నారు కాబట్టి ఇది నా వంతు.

అవి రెండు. ఏడాదికి 20 రూపాయలది సురక్షా బీమా, 436 రూపాయలది జీవన్ జ్యోతి. రెండూ రెండేసి లక్షలే, పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, జనం కలిపేస్తారు. ఇరవైది ప్రమాదానికి మాత్రమే. పోయిన ఏడాది ఒకబ్బాయి వాళ్ల నాన్న పాస్‌బుక్ తెచ్చాడు. గుండెపోటుతో పోయారు. పాస్‌బుక్‌లో ఏటా ఇరవై కట్ అయిన లైను మీద పెన్నుతో గుండ్రంగా చుట్టి తెచ్చాడు. అది ఈ మరణానికి రాదు బాబూ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. 436ది కూడా ఉంటే వచ్చేది, దానికి కారణంతో పని లేదు. కాకపోతే చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదమైతే తప్ప ఇవ్వరు. 50 ఏళ్ల లోపు చేరాలి, 55 దాకానే ఉంటుంది. కాబట్టి మీ అమ్మగారికి ఇరవైదే వర్తిస్తుంది, అదీ 70 ఏళ్ల దాకా. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు లేకపోతే కవర్ ఆగిపోతుంది, మేమేమీ ఫోన్ చేసి చెప్పం. పాము కరిచినా, చెట్టు మీంచి పడినా ప్రమాదం కిందే వస్తుంది, కానీ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లిన రికార్డు కావాలి.

ఇంకో సంగతి, హోమ్ లోన్‌తో కట్టించుకున్న ఇన్సూరెన్స్ చాలావరకు ఇంటికి కాదు, అప్పుకు. తీసుకున్న మనిషి పోతే బాకీ తీరుస్తుంది. ఇల్లు కాలినా మునిగినా దానికి సంబంధం లేదు. ఇంటికి వేరే పాలసీ ఉంటుంది, 2021 నుంచి భారత్ గృహ రక్ష అని అన్ని కంపెనీలూ అమ్ముతున్నాయి, వరద కూడా వస్తుంది. అందులో స్థలం విలువ ఉండదు, కట్టడానికి అయ్యే ఖర్చే. బంగారం విడిగా అడిగి చేర్పించుకోవాలి.

టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బిచ్చే జీవిత బీమా) ఉన్నవాళ్లు సిగరెట్ల సంగతి దాచకండి. మూడేళ్లు దాటాక పాలసీని ప్రశ్నించకూడదని చట్టంలో 45వ సెక్షన్ ఉంది, ఆ లోపు మాత్రం తవ్వుతారు.

కాకినాడ_టీచరమ్మ:

మూడు వారాలు దాటింది, జరిగింది చెప్తాను.

మెయిల్ పంపిన తొమ్మిదో రోజు జవాబొచ్చింది. "అసౌకర్యానికి చింతిస్తున్నాం, క్లెయిమ్ పునఃపరిశీలించాం" అని మూడు లైన్లు. నిన్న మధ్యాహ్నం ఎనిమిదో తరగతికి శాతాలే చెప్తుంటే ఫోన్ మోగింది. 33,600 పడ్డాయి. పైసా తేడా లేదు. తమ్ముడికి తిరిగి పంపేశా.

టారిఫ్ షీటులో గదిని బట్టి సర్జన్ ఫీజు మారుతోంది, కాబట్టి అక్కడ కోత ఉంది, ఒప్పుకున్నా. 11,000కి వివరాలు అడిగితే బిల్లింగ్ అమ్మాయి మూడుసార్లు తిప్పింది. చివరికి రిజిస్ట్రేషన్, కాటన్, బ్లేడ్లు, యూరిన్ బ్యాగు కలిపి 2,350 వెనక్కి ఇచ్చారు. మిగతాది చూస్తే గ్లవ్స్ ఎక్కువ, వాకరు, ఒక "కిట్". నేను తాగిన కాఫీలు, తిన్న ఇడ్లీలు 1,240 అట.

బీపీ సంగతి కూడా రాసి పంపించా. మెడికల్ రిపోర్టులు అడిగారు, ఇచ్చా. ఇంకా ఏమీ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఏజెంటు నా ఫోన్ ఎత్తడం లేదు.

అమ్మకు కూర్చోబెట్టి అంతా వివరంగా చెప్పా. మందులకు కోత వెయ్యకూడదు, రాడ్డుకు వెయ్యకూడదు, గదికి వెయ్యొచ్చు అని. అంతా విని, "నా కాల్లో రాడ్డుకు గది అద్దె అడిగారటే వాళ్లు?" అంది.